నీలం సీసా, ఎర్ర సీసా

ఇది రాయకుండా తప్పించుకుందామనే చూశాను. మా సారు పోయి పదహారు రోజులైంది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో పెద్ద కుర్చీల్లో కూర్చుని రిటైరైనవాళ్లున్నారు, నాలుగు ముక్కలు పొందిగ్గా రాయగలిగినవాళ్లున్నారు. నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, లారీ ఎక్కి, మిగతా చదువంతా రోడ్డు పక్క హోటళ్లలో బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద చదువుకున్నవాణ్ని. వాళ్లెవరైనా రాస్తారులే అనుకున్నాను. రాసినా, నేను చెప్పాల్సింది వాళ్లు చెప్పలేరని తర్వాత తోచింది. అందులో తప్పు చేసింది వాళ్లు కాదు, నేను.

కబురు మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా. నేను నమ్మలేదు. దుఃఖం వల్ల కాదు, అనుభవం వల్ల. కరోనా ఏడాది ఇదే గ్రూపు ఇదే సారును ఒకసారి చంపేసింది. ఏడుస్తూ ఆయన ఇంటికి ఫోన్ చేస్తే ఆయనే ఎత్తారు. "పోయానా? ఎవరు చూశారట్రా?" అన్నారు. అందుకని ఈసారి మూసాపేట నుంచి బయల్దేరి, రెండు బస్సులు మారి, ఆఖర్న షేర్ ఆటోలో ఇరుక్కుని నానక్‌రామ్‌గూడలో దిగాను. అద్దాల మేడల వెనక పాత ఊరి సందులో ఆయన గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపలికి వెళ్లి చూశాను. కాబట్టి చెబుతున్నాను, మా సారు పోయారు. ఇది నీలం సిరాతో రాయదగ్గ వార్త.

నీలం సిరా ఏమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. వెనక్కి పోవడం నాకు అలవాటే. లారీని రివర్సులో నడపడంలో నా అంతవాడు లేడని ఒకప్పుడు పేరుండేది, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

తొమ్మిది చదువుతున్న మా మనవరాలి పుస్తకంలో మీడియా అని ఒక పాఠముంది. వార్త ఎక్కడ పుడుతుంది, ఎలా నడుస్తుంది, ఎవరు నమ్ముతారు అంటూ చివర ఐదు మార్కుల ప్రశ్నలు. మేం తొమ్మిది చదివిన డెబ్బైల మొదట్లో ఆ మాట మా బడికి చేరలేదు. దాన్ని మేము శనివారం ఆఖరు పీరియడు అనేవాళ్లం. మార్కులుండేవి కావు. అందుకే గుర్తుండిపోయిందేమో.

ఇప్పుడు మేడలున్న చోట అప్పుడు బండలు, సీతాఫలం పొదలు, మేకలు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒకటే హైస్కూలు. సారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. తెలంగాణ ఉద్యమం గొడవలు అప్పుడే చల్లారాయి. ఊళ్లో ఆయన్ని పేరుతో ఎవరూ పిలవలేదు. ఆంధ్రసారు అనేవాళ్లు. అందులో మర్యాద ఎంత, అనుమానం ఎంత అనేది అన్న మనిషిని బట్టి. ఆయన దానికి నొచ్చుకున్నట్టు కనిపించలేదు. ఎండున్నా లేకున్నా గొడుగు పట్టుకుని వచ్చేవారు. పల్లీలు తిన్నాక పొట్లం విప్పి, నలిగిన ఆ ముక్కలో ఏముందో మాచేత చదివించేవారు. సగంలో తెగిపోయిన వార్తను మేం పూర్తి చేయాలి. పూర్తి చేసింది మాత్రం పెన్సిల్‌తో రాయాలి. "ఊహించడం తప్పు కాదు, చెరపడానికి వీలుండాలి అంతే," అనేవారు.

పంచాయతీ రేడియోలో వార్తలు పెట్టించి, అయిపోగానే కట్టేసి, "ఇందులో మనకు చెప్పనిదేమిటి?" అని అడిగేవారు. చెప్పనిది ఏమిటో ఎలా తెలుస్తుంది? ఒకరోజు వెనక బెంచీ వాడొకడు లేచి, "మా బాయిల నీళ్లెండినయని చెప్పలే సార్," అన్నాడు. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "అదీ!" అని బోర్డు మీద రాశారు.

అలా పుట్టింది మా గోడపత్రిక. నాలుగు డ్రాయింగ్ షీట్లు మైదా జిగురుతో అతికించి, ప్రతి శనివారం బడి బయటి గోడకు అంటించేవాళ్లం. రెండు సీసాల సిరా. కళ్లారా చూసింది నీలంతో, ఒకరు చెప్పగా విన్నది ఎర్రతో. నీలం వార్తలు పైన, ఎర్రవి కింద. చదవరానివాళ్లే ఎక్కువ కాబట్టి మాలో ఒకడు నిలబడి పైకి చదివేవాడు. ప్రతి వార్తకూ ముందు "ఇది చూసింది" అనో "ఇది విన్నది" అనో చెప్పాలి. ఏడాది తిరిగేసరికి ఈ జబ్బు ఊరికంతా పట్టింది. బావి దగ్గర ఆడవాళ్లు కూడా "నువ్వు జూసినవా, ఇన్నవా?" అని నిలదీసుకునేవాళ్లు. నీలం అంటే ఊరికి గురి కుదిరింది.

నా దస్తూరి గుండ్రంగా ఉండేది, రాసే పని నాది. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ వానాకాలం ముందు గత్తర భయం పట్టుకుంది. కలరాను మేం గత్తర అంటాం. సర్కారువాళ్లు ఊరూరా తిరిగి సూదులు వేస్తున్నారు. సోమవారం మా బడి వరండాలో వేస్తారని చాటింపు అయింది. అంతకు ముందు శుక్రవారం నేను బండల దారిలో వస్తుంటే ఇద్దరు మనుషులు ఎదురయ్యారు. ఒకాయన చేతుల మీద తెల్లగుడ్డ చుట్టిన చిన్న మూట. మాట్లాడకుండా పోయారు. గట్టు మీద గొర్లు కాస్తున్న మా ఊరి అవ్వ ముక్కున వేలేసుకుంది.

"పక్కూరి పోరడు రా. సూది ఏసిండ్రంట, పాణం పోయిందంట," అంది.

శనివారం సారు పరీక్ష పేపర్ల పని మీద పట్నం పోయారు. పత్రిక అంటించే పెత్తనం నాకిచ్చారు. నేను నీలంలో కలం ముంచి, పిల్లవాడి శవాన్ని మోసుకుపోయారని మొదలుపెట్టాను. అది చూసిందే. తర్వాతి ముక్క దగ్గర ఆగాను. సూది వేయడం వల్ల అన్నది విన్నది. అంటే కలం కడగాలి, పాళీని సుద్దముక్కతో తుడవాలి, ఎర్రసీసా మూత తీయాలి. ఒక్క వాక్యం మధ్యలో ఇంత తతంగమా? పైగా ఎర్ర కలిస్తే వార్త కిందికి పోతుంది. గంట కొట్టేలా ఉన్నారు. మొత్తం నీలంతోనే లాగించేశాను. పైన, అందరికంటే పైన పెట్టాను. ఎంత అందంగా వచ్చిందో అక్షరం!

సోమవారం సూదులవాళ్లు వచ్చారు. స్టవ్వు మీద సూదులు మరిగాయి. వరండాలో సారు, హెడ్మాస్టరు, ఒక కుక్క. ఊరు రాలేదు. మధ్యాహ్నానికి పెట్టె సర్దుకుంటూ వాళ్లలో పెద్దాయన, "మల్ల సోమారం ఒకపారి వస్తం. గప్పుడు గూడ రాకుంటె ఇగ మేము రాము," అన్నాడు.

సారు గోడ దగ్గరికి వెళ్లారు. చదివారు. నన్ను పిలిచారు.

"చూశావా?"

"చూసిన సార్."

"ఏం చూశావు?"

"మూట."

"సూది చూశావా?"

నేను చెప్పులు లేని నా కాళ్లు చూసుకున్నాను. చెంప పగులుతుందని దవడ బిగించి నిలబడ్డాను. ఆయన కొట్టలేదు. గొడుగు తీసుకుని, "పద," అన్నారు. కొట్టి ఉంటే ఆ రోజుతో పోయేది.

పక్కఊరు నడిచి వెళ్లాం. చనిపోయిన పిల్లవాడి ఇంటి ముందు సారు నేల మీద కూర్చున్నారు. ముందు పేరు అడిగారు. ఎన్నేళ్లని అడిగారు. తాత చెప్పాడు. చాలాసేపయ్యాక సారు సూది సంగతి ఎత్తితే ఆ తాతకు అర్థం కాలేదు.

"సూదెక్కడిది సారు? పది దినాల సంది జరం. ఆ సూదులోళ్లు మా ఊరికి బుధారం వస్తరంట. ఇంక రానే లేదు."

తిరుగుదారిలో సారు ఒక్క మాటే అన్నారు. "పేరు కూడా అడక్కుండా రాశావు రా."

మర్నాటి నుంచి శిక్ష మొదలైంది. ఆయన దాన్ని శిక్ష అనలేదు, సవరణ అన్నారు. "గోడ మీద దిద్దితే గోడ చూసినవాళ్లకే తెలుస్తుంది. నీ మాట ఏ ఇంటికి నడిచి వెళ్లిందో ఆ ఇంటికల్లా నువ్వూ నడవాలి." బడి వదలగానే ఇల్లిల్లూ తిరగాలి. నేను రాసింది తప్పు, పిల్లగాడు జ్వరంతో పోయిండు, ఆ ఊరికి సూదులోళ్లు అప్పటికింకా పోనేలేదు అని నా నోటితో చెప్పాలి. ఆయన నా వెనక గొడుగుతో.

మొదటి ఇల్లు మాదే. మా అమ్మ రెండేళ్ల చెల్లెల్ని ధాన్యం గుమ్మి వెనక దాచింది. నేను చెప్పిందంతా విని, "నువ్వు రాసినవని ఊరంత మురిసిన గదరా, ఇజ్జత్ దీసినవ్," అంది. ఆ వారం ఎవరికి వాంతి అయినా, ఏ పిల్లకు కడుపు నొచ్చినా గత్తరేమోనని పోయి చూసొచ్చేవాణ్ని. సోమవారం దాకా రోజులు లెక్కపెట్టేవాణ్ని. ఊరు వస్తుందా? రాకపోతే? గుమ్మి వెనక చెల్లెలు?

అవ్వ దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది.

"నేను ముందుగాలనే చెప్పిన గద! గోడ మీద గూడ పడ్డది. ఇగ నీలంల పడ్డంక అబద్ధమెట్లయితది?"

"గోడకెవరు చెప్పారు మామ్మగారూ?" అన్నారు సారు.

"ఈ పోరడు."

"వీడికెవరు చెప్పారు?"

అవ్వ నా వంక చూసింది. నేను అవ్వ వంక చూశాను.

"అయితే ఏందంటవ్?" అంది చివరికి. "ఆంధ్రసారు మాట నేనెందుకు నమ్మాలె?"

"నమ్మొద్దండి. నన్నూ నమ్మొద్దు, వీణ్నీ నమ్మొద్దు. వెళ్లి అడిగి రండి."

ఆమె వెళ్లింది. గొర్లను మనవడికప్పగించి, కర్ర పట్టుకుని, పక్కఊరికి ఒక్కతే నడిచిపోయి వచ్చింది. వచ్చాక బావి దగ్గర నిలబడి ఏం చెప్పిందో నేను వినలేదు. తర్వాతి సోమవారం వరండా నిండి బయటికి వరస పోయింది. వరసలో మొదటి చెయ్యి అవ్వది. "జర మెల్లగ గుచ్చు, బర్రెననుకున్నవా?" అంటూ సూదులాయన్ని తిట్టింది. మా అమ్మ చెల్లెల్ని ఎత్తుకొచ్చింది. చెల్లెలు ఏడ్చిన ఏడుపు నాకు పాటలా వినిపించింది.

ఒక్క ఇల్లు రాలేదు. వడ్లాయన ఇల్లు, అంటే మా ఊరి వడ్రంగిది.

ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. యాభై ఏళ్లు దీన్ని దాటేస్తూ వచ్చాను. ఈ వ్యాసంలో కూడా పైన రెండు చోట్ల దాటేయడానికి చోటు వెతికాను.

ఆ వారం ఆఖర్న, శనివారం సాయంత్రం, వడ్లాయన ఇంటికి నేనొక్కణ్నే లోపలికి వెళ్లాను. సారు సందు మొదట్లో ఎవరో పలకరిస్తే ఆగిపోయారు. వడ్లాయన పందిరి కింద తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. చెక్క మీద చిత్రిక గరగరలాడుతోంది. నేను నా పాఠం ఒప్పజెప్పాను. ఆయన చిత్రిక ఆపలేదు, తల ఎత్తలేదు. కొంచెం గట్టిగా మళ్లీ చెప్పాలి. నాకు అలసటగా ఉంది. వారం రోజులుగా అందరి నోటా తిట్లు తిని ఉన్నాను. అది ఆఖరి ఇల్లు. వెనక్కి తిరిగాను.

"విన్నారా?" అన్నారు సారు.

"ఇన్నడు సార్," అన్నాను.

చూడనిదాన్ని మళ్లీ చూసినట్టు చెప్పాను. ఈసారి సిరా కూడా ఖర్చు కాలేదు.

వానలతో పాటు గత్తర వచ్చింది. ఊళ్లో చాలామంది పడి లేచారు. సూది వేయించుకున్న ముసలాయన ఒకరు పోయారు. సూది వేయించుకోని వడ్లాయన పెద్దకొడుకు పోయాడు. నాకంటే రెండు తరగతులు చిన్నవాడు. పెన్సిల్ చెక్కుకోవడానికి మా అందరికీ వాళ్ల నాయన పనిముట్లు దొంగతనంగా తెచ్చిచ్చేవాడు.

నేను బడి మానేసి మూడు రోజులు ఇంట్లో పడుకున్నాను. నాలుగో రోజు సారు వచ్చి మంచం పక్కన కూర్చుంటే ఉన్నదంతా కక్కేశాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు పంచె అంచుతో తుడిచారు. ఓదారుస్తారనుకున్నాను. సూది పడితే మాత్రం బతికేవాడని ఏముంది, ముసలాయన పోలేదా అంటారనుకున్నాను. ఆ మాటలు నేనే నాకు అప్పటికి వందసార్లు చెప్పుకున్నాను.

"నిన్నొక్కణ్నే లోపలికి పంపడం నా తప్పు," అన్నారు. "మిగతాది నాకు తెలీదు. నీకూ తెలీదు. వెళ్లి అడుగు."

"ఏమని సార్?"

"ఆ రోజు విన్నారా అని. అంతే."

నేను వెళ్లలేదు. ఆ సందులో నడవడం మానేశాను. పోచమ్మ గుడికి పోవాలన్నా చుట్టూ తిరిగి పోయేవాణ్ని. తర్వాత లెక్కలు నన్ను బడి నుంచి గెంటేశాయి, లారీ ఊరి నుంచి తీసుకుపోయింది. సూరత్‌లో, నాగపూర్‌లో, ఎక్కడ ఏ వడ్రంగి దుకాణం ముందు బండి ఆగినా నేను దిగి అవతలికి పోయేవాణ్ని. క్లీనర్లు నాకు రంపప్పొట్టు పడదనుకునేవాళ్లు.

సారుకు బదిలీలు వచ్చాయి, పోయాయి. రిటైరయ్యాక మళ్లీ ఇక్కడికే వచ్చి ఇల్లు కట్టుకున్నారు. మీ ఊరు పోలేదేమని అడిగితే, "ఇక్కడ నన్ను ఇంకా ఆంధ్రసారు అంటున్నారు, అక్కడ ఇప్పుడు తెలంగాణ మేష్టారు అంటున్నారు. ఇక్కడే నయం," అన్నారు. చుట్టూ బండలు పేలాయి, మేడలు లేచాయి. ఆయన మాత్రం పొద్దున్నే వరండాలో పేపరు నాలుగు మడతలు పెట్టుకుని, జేబులో రెండు పెన్నులతో కూర్చునేవారు. నేను ఏడాదికో రెండేళ్లకో వెళ్లేవాణ్ని. అమ్మగారు కాఫీ ఇచ్చేవారు. నేను చూసిన ఊళ్ల గురించి చెప్పేవాణ్ని. ఏ రాష్ట్రంలో ఏ పుకారుకు ఎవరు ఎలా పరుగెత్తారో ఆయన శ్రద్ధగా వినేవారు. "అది చూశావా, విన్నావా?" అని ప్రతిసారీ ఆపేవారు. లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటుంటే అప్పుడు అడిగేవారు.

"అడిగావా?"

"లేదు సార్."

"సరే."

కోప్పడి ఉంటే రావడం మానేసేవాణ్ని. మరిచిపోయి ఉంటే బతికిపోయేవాణ్ని. ఆయన రెండూ చేయలేదు. వడ్లాయన ఎప్పుడో పోయాడని నాకు తెలుసు. సారుకూ తెలుసు. అయినా అడిగేవారు. ఆ ఇంట్లో ఇంకా మనుషులున్నారన్నది ఆయన లెక్క.

ఆ రోజు ఆయన్ని సాగనంపి వచ్చాక అమ్మగారి పక్కన కూర్చున్నాను. గది నిండా మనుషులు, గుండెపోటని ఒకరు, కాదని ఒకరు. అమ్మగారు మెల్లగా అన్నారు. "నేను చూశాను బాబూ. పేపరు తిరగేస్తూ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. తుడవడానికేమో అనుకున్నా." తర్వాత, "నాలుగు రోజుల కిందట నీ మాట వచ్చింది. వాడు అడిగాడో లేదో అన్నారు. ఏమిటయ్యా అది?" అన్నారు.

చిన్న పనమ్మా, మిగిలిపోయింది అన్నాను.

నిన్న వెళ్లాను. పందిరి లేదు. అక్కడ రేకుల షెడ్డు, ముందు "తలుపులు, కిటికీలు చేయబడును" అని బోర్డు. వడ్లాయన చిన్నకొడుకు ఉన్నాడు. అన్న పోయేనాటికి చంటివాడు. ఇప్పుడు తల నెరిసింది. కరెంటు మిషను మీద చెక్క నున్న చేస్తున్నాడు. షెడ్డంతా ఆ హోరు. గుమ్మంలో నిలబడి నా ప్రశ్న అడిగాను. అతను తల ఎత్తి, చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏంది అన్నట్టు ఊపాడు.

నేను కదల్లేదు. అతను మిషను కట్టేశాడు. అది పూర్తిగా ఆగేదాకా ఆగాను.

"ఏమన్నవన్నా? మిషిన్ చప్పుడుల వినవడలే."

మళ్లీ చెప్పాను. గోడపత్రిక, సూదులు, చిత్రిక, నేను వెనక్కి తిరగడం, అన్నీ చెప్పి అడిగాను. మీ నాయన ఆ రోజు నా మాట విన్నడా?

అతను చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు.

"నాకేం ఎరుకన్నా, నేనప్పుడు పాకుతున్ననో లేదో. నాయిన గా ముచ్చట ఎన్నడు తియ్యలే. అమ్మకైతే ఎరుక ఉండె." గోడ మీది ఫొటో వైపు చూశాడు. దండ ఇంకా రంగు పోలేదు. "నిరుడు పోయింది. జర ముందుగాల రాకపోతివి."

అతను ఒక స్టూలు తుడిచి వేశాడు. చాయ్ తెప్పించాడు. తాగాను. గ్లాసు కింద పెట్టాక అతను మిషను మళ్లీ వేశాడు.